యంత్రపు మోత, బొమ్మలోని మౌనము



మా నాయనగారు తమ చిన్నతనములో చిలకలూరిపేట చుట్టుపట్ల పల్లెలకు వచ్చిన టూరింగు టాకీసులను తలచుకొన్నపుడెల్ల, ఆ చిత్రములలో వేసిన నటుల పేర్లకంటె ముందుగా ఆయిలు ఇంజను సంగతి చెప్పుదురు. కరెంటు రాని ఊళ్లలో, పంట కోసిన చేలో డేరా వేసి, ప్రొజెక్టరును డేరాలోనే నిలిపి, దానికి విద్యుత్తునిచ్చెడి ఇంజనును మాత్రము కేకవేటు దూరమున, గట్టు చాటున, గొయ్యి తీసి అందులో దింపి, అక్కడినుండి తీగ లాగుకొని వచ్చెడివారట. గాలి ఇటు తిరిగిన రాత్రులలో ఆ ఇంజను మోత డేరాలోనికి వచ్చి, నాయిక కన్నీటి మాట వినబడక, నేల తరగతివారు ఈలలు వేసెడివారట. పట్టణములలో పక్కా హాళ్లు లేచిన పిదప ప్రొజెక్టరుకు ఇటుకగోడల క్యాబిను కట్టి, వెలుగు పోవుటకొకటి, ఆపరేటరు చూచుటకొకటి, అద్దము బిగించిన చిన్న కిటికీలు మాత్రమే విడిచిపెట్టినారు. ఆనాటి నైట్రేటు ఫిల్ము నిప్పంటుకొనెనా ఆర్పశక్యము కాదు గనుక ఆ గోడలకు అగ్నిభయమే మొదటి కారణము. ఐనను ప్రొజెక్టరు చేసెడి టకటక ధ్వని సైతము ఆ గోడలలోనే అణగిపోయెడిది. యంత్రమును ప్రేక్షకునినుండి ఎడముగా నిలుపుట సినిమా వృత్తిలో తొలి మర్యాద యని నేను తలచుచున్నాను.

ఇప్పుడు సినిమా ఇంటికి వచ్చినది. గోడ మాత్రము వెంట రాలేదు. హాలులో టీవీ ప్రక్కనే, మనము కూర్చున్నచోటికి నాలుగు అడుగుల దూరమున, బొమ్మను నడిపెడి కంప్యూటరు కూర్చుండును. దాని మోతను ఎట్లు అణచవలెనో, మన పత్తి మిరప నేలలో, మన ఎండలలో, మన దుమ్ములో దానిని ఎట్లు కట్టుకొనవలెనో, చేతులు కాల్చుకొని నేర్చుకొన్న నాలుగు మాటలు నేడు మీకు విన్నవించుకొందును.

నేను మొదట కొన్నది ఒక సామాన్యమైన కంప్యూటరే. ఒక శీతకాలపు రాత్రి, పనులన్నియు ముగిసి, సీలింగు ఫ్యాను ఆపి, తలుపులు మూసి, ‘శంకరాభరణం’ పెట్టినాను. 1980లో విడుదలైన ఆ చిత్రమును హాలులో పలుమార్లు చూచిన మా నాయనగారు పడకకుర్చీలో వెనుకకు వాలి కన్నులు మూసుకొనియే వినుచుండిరి. తంబూరా శ్రుతి మొదలైన కొంతసేపటికి ఆయన కన్నులు తెరచి, “ఏందిరా అబ్బాయా, తంబూరా కింద ఎవరో ఈలేస్తున్నట్టుందే?” అని అడిగినారు. అది మా కంప్యూటరులోని చిన్న ఫ్యాను. ఆ చిత్రమును తీసిన కె. విశ్వనాథ్ గారు ఆనాటి మన గుంటూరు జిల్లావారే; రేపల్లె ప్రాంతమున పెదపులివర్రులో జన్మించి, దర్శకులు కాకమునుపు మద్రాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణ శాఖయందు పనిచేసినవారు. మైకు ముందు ఏమి వినబడవలెనో, ఏమి వినబడరాదో, ఆ రెండింటిని చెవితో కొలిచి నేర్చుకొన్న మనిషి ఏర్పరచిన మౌనములోనికి నా యింటి ఫ్యాను ఈల దూరుట నాకు మిక్కిలి సిగ్గుగా తోచినది. ఆ మరునాడే నేను ఆ పెట్టెను విప్పి కూర్చున్నాను.

విప్పి చూడగా తెలిసినదేమనగా, కంప్యూటరులో మోత స్వతంత్రముగా పుట్టదు. ప్రాసెసరు తీసుకొన్న విద్యుత్తు అంతయు తుదకు వేడియగును. ఆ వేడిని తోలుటకు ఫ్యాను తిరుగును. ఫ్యాను తిరిగిన మోత పుట్టును. కావున మోతను మూతలతోను దుప్పట్లతోను కప్పిపెట్టుట వ్యర్థప్రయాస. ఆ కప్పుదలచేత లోపల వేడి హెచ్చి ఫ్యాను మరింత గోల చేయును. వేడి పుట్టకుండ చూచుటయే అసలు వైద్యము, తక్కినవన్నియు పథ్యములు.

మరి సినిమా చూపుటకు అంత వేడి యెందుకు పుట్టవలెను? హై డెఫినిషను బొమ్మ యొక్క చట్రము అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలు, వెరసి 20,73,600. ఒక్కొక్క చుక్కకు 24 బిట్ల చొప్పున, క్షణమునకు 24 చట్రముల చొప్పున లెక్కవేసినచో, ప్రతి క్షణమును దాదాపు 119 కోట్ల బిట్లు తెరకు చేరవలెను. ఇంత సరకును ఏ సినిమా డిస్కును మోయజాలదు గనుక దానిని కుదించి పెట్టుదురు. 2006లో బజారునకు వచ్చిన బ్లూ-రే డిస్కులో బొమ్మకు క్షణమునకు 4 కోట్ల బిట్లకు మించి చోటు లేదు. మన జిన్నింగు మిల్లులలో నొక్కి కట్టిన పత్తి బేలును విప్పగానే అది ఇల్లంతయు నిండునట్లు, కుదించిన బొమ్మను క్షణక్షణమును మరల విప్పవలెను. ఈ విప్పుటలోనే శ్రమయంతయు ఉన్నది. ఆ పనిని ప్రాసెసరులోని సామాన్య గణనభాగమునకు అప్పగించినచో, పత్తినుండి గింజను చేతితో ఒలిపించినట్లు, పని సాగును గాని ఆయాసము మిక్కుటమగును. అదే పనికై ప్రత్యేకముగా చెక్కిన భాగము ఆ చిప్పులోనే ఉన్నచో, జిన్నుయంత్రము గింజను తీసినట్లు, అలుపు లేకుండ సాగిపోవును. 2003లో వచ్చిన హెచ్.264 పద్ధతికి, 2013లో వచ్చిన హెచ్‌ఇవిసి పద్ధతికి, 2018లో వచ్చిన ఏవీ1 పద్ధతికి ఇట్టి భాగములు వేరువేరుగా ఉండవలెను. కొనునపుడు ప్రాసెసరు ఎంత బలమైనదని అడుగుట కంటె, ఈ మూడింటిని అది స్వయముగా విప్పగలదా యని అడుగుట మేలు. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 వంటి చిన్న చిప్పునకు తయారీదారు నిర్ణయించిన కొలత 6 వాట్లు మాత్రమే. అది ఈ మూడు పద్ధతులను విప్పును. ఆటలకు, బొమ్మలు దిద్దుటకు వాడెడి పెద్ద గ్రాఫిక్సు కార్డును సినిమా పెట్టెలో పెట్టుట, అరటిపండు ఒలుచుటకు గొడ్డలి తెచ్చుట వంటిది.

ఈ వివేకము నాకు మొదటనే కలిగియుండలేదు. ఫ్యానే లేకున్న మోతయే ఉండదు గదా యని తలచి, 35 వాట్ల ప్రాసెసరు మీద వేడిని గాలికి విడిచెడి పెద్ద అల్యూమినియము హీట్‌సింకు బిగించి, ఫ్యానును తీసివేసి, అందముగా నుండునని టీవీ క్రింది చెక్క అలమారలో పెట్టి తలుపు మూసినాను. మాఘమాసములో కట్టినది, మాఘము, ఫాల్గుణము, చైత్రము చక్కగా నడచినది, నా తెలివికి నేనే మురిసినాను. మే నెలలో ఒక మధ్యాహ్నము పిల్లలు సినిమా చూచుచుండగా బొమ్మ కుంటుట మొదలుపెట్టినది: మాట ముందు, పెదవి వెనుక. అలమార తలుపు తెరచితినో లేదో, కొలిమి ముందు నిలిచినట్లు సెగ తగిలినది. తరువాత కాగితముమీద లెక్క వేసికొన్నాను. ఆ హీట్‌సింకు వాటునకు ఒకటిన్నర డిగ్రీల వంతున పెరుగునట్టిది. 35 వాట్లకు 52 డిగ్రీలు. చలిదేశములో 20 డిగ్రీల గదిలో అది 72 దగ్గర నిలుచును, ఏ బాధయు లేదు. నా గది ఆనాడు 42. మూసిన అలమారలో మరొక పది. మీద ఈ 52 చేర్చినచో 104. ఇట్టి చిప్పులు నూరు డిగ్రీల ప్రాంతమునకు చేరగానే తమ్ము తాము కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. బొమ్మ కుంటినది అందుచేతనే. రెంటచింతల ఎండల పేరు విన్నవారికి ఇది వింతగా తోచదు. ఇతర దేశముల పుస్తకములు చదివి పెట్టె కట్టువారు, అందులోని ప్రతి సంఖ్యకు మన వేసవిని కూడిక వేసికొని చూడవలెనని నా విన్నపము.

ఆ దినమున ఫ్యానును మరల తెచ్చినాను. కాని పాతది కాదు. చిన్న విసనకర్రతో గబగబ విసరుటకును, పెద్ద తాటాకు విసనకర్రతో నింపాదిగా విసరుటకును గల భేదము మన యిండ్లలో ముసలమ్మలకు తెలియనిది కాదు. రూపము, వేగము ఒకటియే యైన రెండు ఫ్యానులలో, త్రోసెడి గాలి వ్యాసము యొక్క ఘనమును బట్టి హెచ్చును. 80 మిల్లీమీటర్ల ఫ్యాను నిమిషమునకు రెండువేల చుట్లు తిరిగి త్రోసెడి గాలిని 120 మిల్లీమీటర్ల ఫ్యాను ఆరువందల చుట్లతో త్రోయును. చుట్లు సగమునకు తగ్గినచో మోత సుమారు 15 డెసిబెళ్లు తగ్గునని ఫ్యానుల శాస్త్రము చెప్పుచున్నది. పది తగ్గినపుడే చెవికి సగమైనట్లు తోచును గదా. నేను 120 మిల్లీమీటర్ల ఫ్యాను నొకదానిని, ఇనుమునకు నేరుగా మరలు బిగింపక, రబ్బరు పోకలతో తగిలించి, ఆరువందల చుట్లవద్ద నిలిపినాను. చెవి దగ్గరకు చేర్చిననే తప్ప అది వినబడదు.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. వేసవిలో తలమీద సీలింగు ఫ్యాను తిరుగుచుండగా, జాతీయ రహదారిమీద రాత్రియంతయు లారీలు పోవుచుండగా, ఈ చిన్న మోతకై ఇంత తపన యేల? నేను చాలకాలము ఆలోచించి చూచినాను. సీలింగు ఫ్యాను మోత మందమైనది, ఒకే తీరున సాగునది. చెవి దానిని కొంతసేపటికి మరచును. చిన్న ఫ్యాను మోత సన్నని ఈల, పైపెచ్చు వేడిని బట్టి నిమిషమునకొకమారు స్థాయి మారును. మారెడి శబ్దమును చెవి క్షమింపదు. అందుచేత ఫ్యాను వేగమును వేడితో వెంటవెంటనే పెంచుచు తగ్గించుచు నుండెడి అమరికను మాన్పించి, ఒక్క వేగమున నిలుపుట నా అనుభవములో చాల ఉపకరించినది. మే నెలకు మాత్రము ఎనిమిదివందల చుట్లకు పెంచుదును.

దుమ్ము సంగతి మన ప్రాంతమున ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. కార్తీకము మొదలు పత్తి తీతలు సాగి, గణపవరము వైపు మిల్లులకు లోడు బండ్లు వరుస కట్టెడి దినములలో గాలిలో నుసి తేలుచుండును. పిదప మిరపకాయలు కల్లములలో ఆరి టిక్కీ బస్తాలకెక్కెడి వేళ ఎర్రని పొడియు దానికి తోడగును. ఒక దుకాణమున నాకంటగట్టిన 600 వాట్ల పవర్ సప్లయి ఒక్క పత్తికాలము గడవకముందే గరగరలాడ నారంభించినది. వెనుక జాలీలోనుండి టార్చి వేసి చూడగా, పత్తి నుసి అంతయు లోపలి ఫ్యాను రెక్కలకు చుట్టుకొని కంబళివలె దట్టముగా పేరుకొనియున్నది. పవర్ సప్లయిని మీరు విప్పవలదు. ప్లగు తీసిన పిదప కూడ అందులోని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు నిలిచియుండును. నేను దానినే వదలివేసి, ల్యాప్‌టాపులకు వాడునట్టి, ఫ్యాను లేని వెలుపలి అడాప్టరుతో నడిచెడి చిన్న బోర్డును తెచ్చుకొన్నాను. పాతిక వాట్లు చాలెడి యంత్రమునకు 600 వాట్ల సప్లయి ఎందులకు? అంత తక్కువ భారమున పెద్ద సప్లయి సమర్థత కూడ పడిపోయి, కొంత విద్యుత్తు ఊరక వేడియగును. గాలి లోపలికి వచ్చెడి ద్వారమునకు దోమతెర గుడ్డను రెండు మడతలు వేసి బిగించినాను. ఫ్యాను గాలిని లోపలికే త్రోయునట్లు పెట్టుట ముఖ్యము. అపుడు గాలి మిగిలిన సందులన్నింటినుండి బయటికే పోవును గాని, సందులగుండ నుసి లోనికి రాదు.

ఫ్యాను తరువాత మోత చేయునది హార్డు డిస్కు. నిమిషమునకు 7200 చుట్లు తిరిగెడి డిస్కు క్షణమునకు 120 మార్లు కంపించును. 5400 చుట్లది 90 మార్లు. ఆ కంపనము పెట్టె యినుమునకును, అక్కడినుండి చెక్క బల్లకును సంక్రమించి, తంబూరా తంత్రి నాదమును కుండ పెంచునట్లు ఆ బల్ల పెంచును. సాఫ్టువేరు ఉండుటకు తిరుగని ఎస్‌ఎస్‌డి ఒకటి పెట్టెలో ఉంచి, చిత్రములను దాచెడి పెద్ద డిస్కును నేను వంటయింటి అటకమీదికి చేర్చినాను. గోడలో ఒక రంధ్రము వేయించి నెట్‌వర్కు తీగ లాగినాను. గోడ తొలిచెడి మేస్త్రీ, “దీనికి ఇంత పనెందుకయ్యా, గాల్లో వచ్చేదుందిగా?” అనినాడు. గాలిలో వచ్చునది రెండు ఇటుకగోడలు దాటునప్పటికి నీరసించునని, బొమ్మ మధ్యలో ఆగునని అతనికి చెప్పినాను. తీగ లాగిన రాత్రి మా నాయనగారు అటకవైపు చూచి, “ఇప్పుడు కుదిరిందిరా. ఇంజను గట్టవతలకి పోయింది” అనినారు. నా పనికి అంతకు మించిన వ్యాఖ్యానము నేను కోరను.

యంత్రములన్నియు మౌనము వహించిన పిదప కూడ స్పీకర్లలో బుయ్యిమని సన్నని రొద మిగిలినది. ఇది గాలిలో పుట్టినది కాదు. 50 చక్రముల మన ఇంటి కరెంటే తీగలలో దూరి చేసెడి రొద. కేబులు టీవీ వారి తీగ యొక్క పైతొడుగు ఒకచోట, మన ఎర్తు ఇంకొకచోట నేలను తాకుచున్నచో ఆ రెండింటి నడుమ స్వల్పమైన విద్యుత్తు ప్రవహించి స్పీకరులోనికి చేరును. కేబులు తీగ పీకి చూడగా రొద చాలవరకు తగ్గినది. మిగిలినదానికి కారణము మా యింటి ఎర్తు గొయ్యి. ఉప్పు, బొగ్గు వేసి ఎన్నడో పూడ్చినది, చైత్రముకల్లా నేల పగిలి ఎండిపోయినది. రెండు బిందెల నీళ్లు పోసిన సాయంకాలమే రొద అణగినది. అప్పటినుండి వేసవిలో వారమునకొకమారు తులసికోట కుండీతోపాటు ఆ గొయ్యికిని నీరు పోయుట మా యింట ఆచారమైనది. ఎర్తు తీగను ఊడదీసినను రొద పోవునని కొందరు చెప్పుదురు. అది ప్రాణములతో చెలగాటము, ఎన్నడును చేయరాదు.

గది విషయమై ఒక్క మాట. నాపరాళ్ల నేల, సిమెంటు గోడలు గల మన హాళ్లలో శబ్దము గోడనుండి గోడకు ఎగిరిపడి మాటను చెదరగొట్టును. దీనికి పరదేశములనుండి స్పాంజి పలకలు తెప్పించుకొనుట నాకు నచ్చలేదు. దూది పుట్టెడి ఊరిలో ఉన్నాము గదా. పాత దూది పరుపును ఏకించి, రెండు పలుచని పరుపులుగా కుట్టించి, పైన నేత దుప్పటి తొడిగి కూర్చున్నచోటికి వెనుక గోడన వ్రేలాడదీసినాను. మంద్ర స్వరముల మీద దూదికి అధికారము తక్కువ. కాని మాటలోని హల్లులు తేటపడినవి. పెట్టె లోపల మాత్రము దూది కూరరాదు. వేడికి, నిప్పుకు అది చుట్టము.

ఇక బొమ్మ. చిత్రములను వరుసగా అమర్చి చూపుటకు కోడి అనెడి ఉచిత సాఫ్టువేరు నాకు చాలినది. 2014 వరకు దాని పేరు ఎక్స్‌బీఎంసీ. అందులో తెర వేగమును చిత్రమునకు తగినట్లు మార్చెడి అమరికను తప్పక వాడుడు. క్షణమునకు 24 చట్రముల చిత్రమును 60 మార్లు వెలిగెడి తెరమీద వేసినచో ఒక చట్రము మూడు మార్లు, తరువాతిది రెండు మార్లు నిలిచి, కెమెరా మెల్లగా కదలునపుడు బొమ్మ తొట్రుపడును. 25 చట్రముల వేగమునకు త్రోసి తయారుచేసిన ప్రతులలో ఇంతకంటె పెద్ద అపచారము జరుగును: రెండున్నర గంటల చిత్రము ఆరు నిమిషములు ముందుగా ముగియును, శ్రుతిని మరల సరిచేయనిచో పాడినవారి గొంతు అరస్వరములో మూడింట రెండు వంతులకు పైగా హెచ్చును. ఘంటసాల మాస్టారి గొంతు తెలిసినవారికి ఆ భేదము వెంటనే తెలియును. ఇక ‘అల్లూరి సీతారామరాజు’తో 1974లో తెలుగున స్కోపు తెర వచ్చునంతవరకు మన చిత్రముల చట్రము నేటి టీవీ తెరయంత వెడల్పుది కాదు, 1957 నాటి ‘మాయాబజార్’ను తెర నిండుటకై అడ్డముగా సాగదీసి చూచుట ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే కూర్చిన ప్రతి దృశ్యమును వంకర చేయుటయే. ప్రక్కల రెండు నల్లని పట్టీలను ఉండనిండు.

ఇప్పుడు మా హాలులోని పెట్టె సినిమా ఆడునపుడు నా మీటరులో పదిహేను వాట్లకు లోపే చూపుచున్నది. మొన్న మా నాయనగారు అది నడచుచున్నదో లేదో తెలియక, లేచి వెళ్లి దానిమీద చేయి వేసి, “వెచ్చగుందిలే, నడుస్తంది” అని వచ్చి కూర్చున్నారు.

ఇట్టి పెట్టె మీ యింట ఉన్నచో ఒక్కటి చేయుడు. ఏటేట ఆయుధపూజనాడు యంత్రములకు కుంకుమ పెట్టుదుము గదా. ఆనాటి ఉదయమే ప్లగు తీసి, ఆ దోమతెర గుడ్డను విప్పి, ఉతికి, నీడన ఆరవేసి, మరల బిగించి, ఆ మీదట కుంకుమ పెట్టుడు. పత్తి తీతలు మొదలగుటకు అప్పటికి ఎంతో వ్యవధి ఉండదు.